మా ఇంటి సీసా

హలో… ఆ, నేనే. కుట్టుమిషన్ ఆవిడనే… ఎవరండీ?

ఓ, సర్వే అమ్మాయా. గొంతు గుర్తుపట్టలేదమ్మా, మిషన్ చప్పుడు. ఉండండి, ఆపుతా… ఆ, ఇప్పుడు చెప్పండి.

మళ్ళీ ఎవరైనా మీ మొహం మీద తలుపేశారా? మూలింటి పెద్దాయనేనా? నాకొదిలేయండి. ఆయన చొక్కా నా దగ్గరే ఉంది. సర్వేకి జవాబు చెప్తేనే గుండీలు కుడతానంటా.

…కాదా? మరి?

నాతోనా.

ఒక్కదాన్నే. అంటే… మా తోడికోడలు లోపలి గదిలో పడుకుంది. అన్నదమ్ములిద్దరూ పనిలోకి పోయారు. ఎందుకమ్మా అలా అడుగుతున్నారు?

సరే… తలుపు దగ్గరగా వేశా. చెప్పండి. అలా నాన్చకండి.

ఏ పరీక్ష?

ఆ సీసానా. పొద్దున్నే మూత్రం పట్టి ఇమ్మన్నారే, అది…

ప్రోటీనా? అది ఉంటే మంచిదే కదమ్మా, తినమని చెప్తారుగా… ఓహో. ఒంట్లో ఉండాలి గానీ అందులో పోకూడదా.

బాగా ఎక్కువా?

…

ఒక్క మాట అడుగుతా, కోప్పడకండి. వేరే ఇంటి సీసా మా ఇంటిదనుకోవడం ఏమన్నా… ఈ వీధిలో చాలామంది ఇచ్చారు కదా.

నంబరు. ఆ. పేరుండదు, నంబరే ఉంటుంది, అది ఎవరిదో మీ ఆఫీసులో తప్ప బయట పురుక్కి కూడా తెలియదు. నాకు తెలుసమ్మా. ఆ మాట వీధంతా చెప్పింది నేనే కదా. కొలతలివ్వడానికొచ్చిన ప్రతి మనిషికీ చెప్పా. టేపు నడుముకి చుట్టి, కదలనీయకుండా మరీ చెప్పా. "మీ గుట్టు ఎక్కడికీ పోదు, ఏ జబ్బు ఎంతమందికి ఉందో లెక్క తేలితేనే కదా మనకి మందులూ డాక్టర్లూ వచ్చేది" అని. నా మొహం చూసే సగం వీధి తలుపులు తీసింది.

లేదమ్మా, ఏడవట్లేదు.

మా అమ్మా? ఆ, కిడ్నీలు పోయే… మీకు చెప్పాను కదా. ముందు కాళ్ళు వాచాయి. నాకూ వాస్తున్నాయి. సాయంత్రమయ్యేసరికి మిషన్ తొక్కలేను. అది మాత్రం మీకు చెప్పలేదు.

రేపు పెద్దాసుపత్రికా… వస్తా. ఎవరికీ తెలియకుండా వస్తా.

ఏంటీ? కడుపుతో ఉన్నానా? భలేదానివే తల్లీ. అల్లుణ్ణి వెతుక్కునే వయసులో నాకు కడుపేంటి… లేదులే, నవ్వుతున్నానంతే. డాక్టరు అడగమన్నాక అడగాల్సిందేగా.

…

ఒకవేళ ఉంటే?

ఊరికే. ఉంటే ఏమవుతుందని అడుగుతున్నా.

బీపీ…

ఫిట్సు ఎవరికి? తల్లికా?

బిడ్డకి కూడా ప్రమాదమేనా.

…ఉన్నా. లైన్లోనే ఉన్నా.

అమ్మా, మీకొకటి చెప్పాలి. దీనివల్ల మీకేమన్నా మాటొస్తుందేమో, నాకు తెలీదు. ఆ సీసాలోది నాది కాదు.

మా తోడికోడలిది.

ఎందుకంటే ఏం చెప్పను… ఇంటికొకరే అని మీరు చీటీ తీస్తే నా పేరొచ్చింది కదా. ఆ రాత్రి కన్ను మూతపడలేదు. మా అమ్మనీ ముందు ఇలాంటి సీసానే అడిగారు. ఆ తర్వాత ఒకటొకటిగా అన్నీ… రక్తం ఇవ్వనన్నప్పుడు మీరు నవ్వారు, రోజంతా సూదితో బతికేవాళ్ళకి సూదంటే భయమా అని. నాకు సూదంటే భయం కాదమ్మా. తెలుస్తుందేమోనని భయం. ఇదేమో పక్కన నిలబడి, "ఇలా తే అక్కా, నేనిస్తా, నీకు ఫస్టు మార్కులొస్తాయి" అంది. వయసులో ఉన్న పిల్ల కదా, దీనికేం ఉంటుందిలే అనుకున్నా. అప్పట్నుంచీ మీరు వీధిలో కనిపిస్తే చాలు, తేలు కుట్టిన దొంగలా లోపలికి పోతున్నా.

ఆ… ఏడో నెల.

లేదు, పోయిన నెల చూపించలేదు. నేనే ఆపా. బడి యూనిఫారాలు మీద పడ్డాయి, కాజాలు కుట్టడానికి మనిషి లేదు… వచ్చేవారం తీసుకెళ్తాలే అన్నా. వచ్చేవారం, వచ్చేవారం అని నెట్టుకొచ్చా.

వాపా? మొహం కాస్త నిండింది. మేమంతా కళొచ్చింది, కళొచ్చింది అనుకుంటున్నాం. ఉంగరం పట్టేసిందని మొన్న సబ్బు రాసి లాగాం…

తలనొప్పి ఉంది. దానికే పడుకుంది. మిషన్ మోతకేమో, లోపలికి పోయి పడుకోమని నేనే అన్నా.

వెళ్తున్నా, వెళ్తున్నా. ఫోను చెవి దగ్గరే ఉంది.

అమ్మడూ… అమ్మడూ, ఇలా చూడు. లైటు వేస్తున్నా. ఎలా ఉందే?

మెరుపులంటోందమ్మా. కళ్ళ ముందు మెరుపులట. నా మొహం సగమే కనిపిస్తోందట. డొక్కలో నొప్పి కూడా… పొద్దున తిన్నది అరగలేదేమో అంటోంది.

మీరన్న ఆ బీపీయేనా? అమ్మా, మీరు మాట్లాడండి.

పిలవండి. అంబులెన్సు మీరే పిలవండి. వీధి మొదట్లో ఇసుక పోశారు, బండి పట్టదు. వెనక సందులోంచి రమ్మనండి…

ఎడమ పక్కకా. సరే. అమ్మడూ, ఇటు తిరుగు… అదీ. నీళ్ళివ్వనా? వద్దా. సరే, ఏమీ ఇవ్వను.

రేపు గుట్టుగా వచ్చి మీకేదో సర్ది చెప్పుకుందామనుకున్నానమ్మా. నిజంగా అదే అనుకున్నా. ఇదిక్కడ ఇలాగే పడి ఉండేది. నేను బయట మిషన్ తొక్కుతూ ఉండేదాన్ని.

మా మరిదికి ఫోను చేస్తా, ముందు బండి రానీయండి… ఏంటీ? సీసా మార్చిన సంగతి మీరు ఇంట్లో ఎవరికీ చెప్పరా? ఆ, మీ రూలు. ఆ రూలు చెప్పే కదా నేను వీధిని ఒప్పించింది. నా గుట్టు ఏమైనా పోనీయండి. డాక్టరుకి చెప్పండి. ఆ సీసా దీనిదేనని చెప్పండి. ఎవరు మార్చారని అడిగితే నేనేనని చెప్పండి. దీని పేరు మీద కాగితం లేదని ఆసుపత్రి గుమ్మంలో మాత్రం ఆపకుండా చూడండి.

నా సీసానా? ఇస్తా. రక్తం కూడా ఇస్తా. ముందు దీన్ని చూడండమ్మా.

ఏంటమ్మడూ… సర్వే అమ్మాయితో. ఆ, పరీక్ష సంగతే… ఎందుకే ఏడుస్తావు? కాదే, నాకేం కాలేదు. నాకు కాదే పిచ్చిదానా…

అమ్మా, నాకేదో జబ్బు బయటపడిందనుకుంటోంది. తనే పట్టిచ్చిన సంగతి కూడా గుర్తులేదు దానికి. నా చెయ్యి పట్టుకుని, "నీకేం కాదక్కా, నేను చూసుకుంటా" అంటోంది. ఎలా చెప్పమంటారు?

…

అమ్మడూ, విను. ఆ సీసా నీది. నాకు బదులు నువ్విచ్చావు చూడు, అది. బండి వస్తోంది, ఇప్పుడే ఆసుపత్రికి పోతున్నాం. నేను పక్కనే ఉంటా. దిగేది లేదు, వదిలేది లేదు.

చెప్పానమ్మా. కడుపు మీద చెయ్యేసుకుని నన్నే చూస్తోంది. సగం మొహమే చూస్తోంది.

ఆ… సైరన్ నాకూ వినపడుతోంది. వెనక సందులోకే వచ్చారు.

వద్దే, నువ్వు లేవకు, వాళ్ళే లోపలికొస్తారు— అమ్మడూ, ఆగు, తూలుతున్నావు— అమ్మా, ఫోను కింద పెడుతున్నా. మీరు పెట్టేయకండి. దీన్ని పట్టుకోవడానికి నాకు రెండు చేతులూ కావాలి.