బారువ రేవు ఫలకం

"పల్లె అనొద్దు తనూజా, పట్నం అని రాసుకో. పల్లె అంటే ఎవుడాగి సూత్తాడు?"

"ఒకప్పుడు పట్నవేనా బాబూ?"

"కాదేటి? రంగూను ఓడలు మా తాత ఇంటి ముందరే ఆగీవి."

"మీ ఇల్లు సంద్రానికి దూరంగా సోంపేటలో కదా?"

"అక్కడికి కనబడీవి. రాసుకో."

బారువ తీరంలో నిలబెట్టబోయే రాతి ఫలకానికి జగన్నాథరావు రేవు చరిత్ర చెబుతున్నాడు. పక్కనే జాలర్లు చేపలెండబెట్టే ఇసుక దిబ్బ ఉంది. అది తనదేనని, రిసార్టు కట్టుకోవాలని కోర్టుకెక్కినవాడూ ఆయనే. తనూజ ఆ జాలర్ల ఇంటి పిల్ల, బడిలో టీచరు. దస్తూరి బాగుంటుందని ఆయనే కబురు పెట్టాడు.

"దీపస్తంభం తెల్లదొరలు కట్టారంటారు బాబూ."

"కట్టింది ఆళ్లు. కట్టమన్నది మా తాత."

తుపానుల సంగతి వచ్చింది. ప్రతి తుపానులోనూ తాత అలలకి ఎదురు నిలిచాడన్నాడు. ఈతొచ్చా అని తనూజ అడిగితే, పెద్దింటోళ్లకి ఈతెందుకన్నాడు.

"అంతా బాగుంది గానీ బాబూ, దానాలు తక్కువైనాయి. సత్రం, నుయ్యి, అంతే. మీ వియ్యంకుడు ఈశ్వరరావుగారు టెక్కలిలో పెట్టిన రాయి మీద మూడున్నాయి."

"మూడా? ఆడి తాత పిల్లికి పాలు పొయ్యలేదు. కొబ్బరితోట కలుపు."

"ఇప్పుడు సమానం."

"ఆడితో నాకు సమానవేటి?"

"రేవు కథ కదా. జాలర్లకేటీ ఇవ్వలేదా మీ తాత?"

"ఇవ్వకేటి... ఇచ్చాడు."

"ఏటిచ్చాడు?"

"ఏదో... దిబ్బ. సేపలెండబెట్టుకోమని దిబ్బంతా ఇచ్చేసాడు. నాలుగు. రాసెయ్."

"ఎన్నాళ్లకని రాయమంటారు?"

"ఎన్నాళ్లేటి? దానం అంటే సూరీడూ సంద్రుడూ ఉన్నంత కాలం. అలాగే రాయాల."

"మరి దిబ్బ మీద కేసుంది కదా బాబూ?"

"కోర్టు ఏరు, ఫలకం ఏరు. అది సదివేది పిక్నిక్కోళ్లు. కింద మనవడు జగన్నాథరావు అనెయ్. సంతకం కూడా సెక్కించాల. ఇటియ్యి."

"ఇక్కడ బాబూ. ఇక్కడ. దీని మీద కూడా."

"మూడెందుకమ్మా?"

"ఒకటి రాయి సెక్కేవోడికి. ఒకటి పేపరోళ్లకి."

"మూడోది?"

"మా లాయరుకి బాబూ. మీరు సంతకం ఎట్టగానే తీసిన ఫొటో ఇప్పుడే వాట్సాప్‌లో ఎల్లిపోనాది గానీ, జడ్జిగారికి కాగితమే సూపించాలంట."