తలుపు తీసిన తల్లి

వరంగల్‌లో ఆదివారం ఆరాధన ముగిసింది. చర్చి మాసపత్రికకు సంఘంలోని ఒక తల్లి రాసిచ్చిన కథను చేతిలో పట్టుకుని, ముసలి పాస్టరు మెట్ల మీద ఆమె పక్కన కూర్చున్నాడు.

“అమ్మా, రెండుసార్లు చదివిన. కొడుకును లారీతోని గుద్ది సంపినోడు ఇంటికొస్తే, ఆ తల్లి తలుపు తీసి అన్నం పెడ్తది. నాకు కండ్లల్ల నీళ్లాగలే.”

“పత్రికల ఏస్తరా అయ్యగారూ?”

“ఏస్తం. పైన ‘నిజంగ జరిగింది’ అని రాయాల్నా? మీ కొడుకు జోయెల్ సంగతే గద.”

ఇంతవరకు ఎవరికీ చెప్పని మాట ఆమె అప్పుడు చెప్పింది.

“వద్దయ్యగారూ. ఆ డ్రైవరు వచ్చింది నిజమే, మూడుసార్లు వచ్చిండు. నేను ఒక్కసారి గూడ తలుపు తియ్యలే.”

“మరి ఇట్లెందుకు రాసినవమ్మా?”

“‘ఆ డ్రైవరును నేను క్షమించిన, ప్రభువా’ అని ప్రార్థన చేద్దామంటే మాట బయటికొస్తలేదు. దేవుని ముందట అబద్ధమాడినట్టయితది. అందుకే కథల ఆ తల్లితోని తలుపు తీయించిన. ఆమె గడియ తీసే ఒక్క మాట రాసెతందుకు రాత్రంత కూసున్న. అంత నిజమైన ప్రార్థన నేను ఎన్నడు చెయ్యలే.”

పాస్టరు కాగితాలు మడిచి బైబిల్లో పెట్టుకున్నాడు.

“వచ్చే నెల సంచికల ఏస్తనమ్మా.”

“జర ఆగుండ్రి అయ్యగారూ. ఆ పై నెల ఏయుండ్రి.”

“ఏమన్న మార్చాల్నా?”

“కథల మార్చేదేం లేదు. ముందుగాల ఆ డ్రైవరును కలిసి రావాలె. ఆయనది నెక్కొండ అట. రేపు పొద్దుగాల రైలుకు పోతాన.”