ఆరిన రంగు

హలో… ఆ, నేనేనక్కా. చెప్పు. గొంతు అలా ఉందేం?

…గోడకా? బావగారు నీళ్ల పైపు పట్టుకునా?

…పొద్దున్నించీ తడుపుతూనే ఉన్నారా. ఎందుకూ?

…ఆరిపోతోందని. ఆరుతుందక్కా, రాయి కదా.

…మోసమేం కాదు. మీ పునాదిలో తవ్విన రాయే అది. రాళ్లు కొట్టేవాళ్లు నీళ్లు చల్లే చూపిస్తారు, రంగు తేలుతుందని. నువ్వు చూసినప్పుడు నల్లగా నిగనిగలాడింది, నిజమే. ఆరితే బూడిద రంగు.

…చెప్పలేదా? ప్లాను గీసిచ్చినప్పుడే చెప్పాననుకున్నానే… సరే, మనసులో అనుకుని వదిలేసి ఉంటాను.

…కావాలనే పెట్టించాను. వెనక గుట్టదీ అదే రాయి. గుట్ట ఎక్కడ ఆగిందో, ఇల్లు ఎక్కడ మొదలైందో తెలియకూడదని—

…తెలియడం లేదా. మరి నేననేదీ అదే కదా.

…ఎవరూ, పార్సిల్ తెచ్చినతనా? ఇంటి ముందే నిలబడి, ఇల్లెక్కడని ఫోన్ చేశాడా?

…మీ అత్తగారు కూడానా. ఇల్లు దాటి గుట్ట ఎక్కేశారా… ఆవిడకి చూపు కాస్త—

…సరే. కళ్లజోడు పెట్టుకునే ఎక్కారు.

…నవ్వడం లేదు. దగ్గు.

…ఏంటీ? ఎప్పుడూ తడిసినట్టే మెరవాలని వార్నిషా? రంగులాయన డబ్బాతో వచ్చి కూర్చున్నాడా?

…అక్కా, వద్దు. నా మాట విను. ఒకసారి వేస్తే రాయిలోకి ఇంకిపోతుంది, మళ్లీ వదలదు. రేపు పత్రికవాళ్లు ఫోటోలకి వస్తున్నారు. ఆర్కిటెక్టుగా నా పేరుతో లేచిన మొదటి ఇల్లది. పూత లేని గోడ అని వాళ్లకి రెండు పేజీలు రాసి పంపాను.

…చాదస్తమే, కాదనను. కానీ ఎదుట ఎవరైనా ఉంటే మనుషులూ అంతే, కాస్త తడుపుకుని కనిపిస్తారు. ఒంటరిగా ఉన్నప్పుడు ఆరిన రంగే అసలుది. దాన్ని చూస్తూ కాపురం చెయ్యగలగాలి.

…బావగారి గురించి కాదు.

…నీ గురించీ కాదు. గోడ గురించే.

…ఒక్క పని చెయ్యి. బయటికెళ్లి, బావగారు తడపని వైపు అరచెయ్యి పెట్టు.

…పెట్టావా? పగలంతా పీల్చుకున్న ఎండ అది.

…వెచ్చగా ఉంది కదూ. చెయ్యి తియ్యబుద్ధి కావడం లేదా… మరి? వార్నిష్ వద్దన్నట్టేనా?

…అమ్మయ్య. నా తల్లివే.

…ఎవరితో మాట్లాడుతున్నావు? రంగులాయన మొదలుపెట్టేశాడా? ఎవరు చెప్పారు?

…బావగారు. అవును, ఇంకెవరు. ఆపమను, ముందు ఆపమను.

…ఎంతవరకు పూశాడు?

…గుమ్మం చుట్టూ మూరెడు. అయిపోయింది. నా బతుకు అయిపోయింది.

…చూడలేను. ఫోటో పంపొద్దు.

…సరే, పంపు.

…వచ్చింది.

…చూస్తున్నా. తడి ఆరిపోయి గోడంతా బూడిద రంగు, గుమ్మం ఒక్కటే ఇప్పుడే వాన కురిసి వెళ్లినట్టు…

…కోపం కాదు. నువ్వు వీధిలోకి వెళ్లి, అక్కణ్ణించి చూసి చెప్పు.

…గుమ్మం అంత దూరం నుంచీ కనిపిస్తోందా?

…తుడవొద్దు. తుడవొద్దని చెప్పు. ఇంకొక్క పూతా వెయ్యొద్దు, అక్కడితో ఆపమను.

…నిజంగానే అంటున్నాను. ఇంకో మాట. రేపు ఫోటోలవాళ్లు ఉన్నంతసేపూ బావగారిని లోపలే ఉండమను.

…ఎందుకంటే, ఆ గుమ్మం ఆలోచన నాకెలా తట్టిందో వాళ్లకి ఇప్పుడే రాస్తున్నాను. పెట్టేస్తున్నా.