చెన్నకేశవులు ఎదురు నడక

ఏంటి సాత్వికా, పార్కులో అందరూ అటు నడుస్తుంటే ఈ మూర్తి అంకులొక్కడే ఇటు నడుస్తాడేంటనా? కూర్చో, చెప్తా. ఇదంతా మా చెన్నకేశవులు పుణ్యం. నీకు తెలీదులే, నువ్వు కోచింగుకని ఈ హిందీవాళ్ల ఊరొచ్చి జియా సరాయ్‌లో గది తీసుకోకముందే, ఆరేళ్ల కిందటే పోయాడు. తెనాలివాడు. పెళ్ళీ పెటాకులూ లేవు, ఒంటిగది కాపురం. మనిషి ఇంతే ఉండేవాడు, నోరు మాత్రం అబ్బో! వచ్చిన మొదటిరోజే పార్కు నడుమ ఆ బుల్లి హనుమంతుడి గుడి చూశాడా, ఇంకేముంది! "గుడికి ఎడమ చెయ్యి పెట్టి తిరుగుతారటయ్యా ఎవరైనా? అప్రదక్షిణం నావల్ల కాదు" అని గిరుక్కున వెనక్కి తిరిగాడు. ఇంతమందీ అటు, వాడొక్కడూ ఇటు! ఓరోజు లావుపాటి భల్లా గారిని గుద్దేశాడు కూడాను. ఆయన "అరే భాయ్‌సాబ్, ఉల్టా క్యోం చల్ రహే హో?" అని గయ్యిమంటే మనవాడు తొణికితేనా! "ఉల్టా ఆప్, సీదా హమ్!" అన్నాడు, ఎదురు నడిచేది మీరే, సరిగ్గా నడిచేది నేనే అని. హహ్హ! భల్లా గారికే నవ్వొచ్చేసింది.

ఏం చెప్తున్నా? ఆఁ, ఎదురు నడక. ఎదురొచ్చేవాడికి అందరి మొహాలూ కనబడతాయమ్మా. మాకు కనబడేవి ముందువాళ్ల వీపులే. రౌండుకి రెండుసార్లు ఎదురయ్యేవాడు, రెండుసార్లూ "మూర్తీ, మోకాలెలా ఉంది?" అనేవాడు. మా ఆవిడ పోయిన కొత్తలో రోజంతా నన్ను పలకరించిన మనిషి వాడొక్కడే. అదిగో, ఆ ఎర్ర శాలువా జానకమ్మ గారు, ఓ చలికాలం రెండో రౌండులో ఎదురుపడి మూడో రౌండులో పడలేదట. "ఆవిడ గేటు దాటలేదు, నేను చూస్తూనే ఉన్నా" అంటూ పరుగో పరుగు! ఉయ్యాలల వెనక కూలబడి ఉంది, షుగర్ పడిపోయి. జేబులోంచి బెల్లం ముక్క తీసి నోట్లో పెట్టాడు. ఆ పక్కనించి ఎంతమంది వెళ్ళారనుకున్నావ్? నేనూ వెళ్ళాను.

అట్లాంటివాడు మూడ్రోజులు రాలేదు. రాలేదని ఒక్కడికీ తట్టలేదమ్మా. నేనప్పటికి లాఫింగ్ క్లబ్బులో చేరి, ఆ మూలన చేతులెత్తి హహ్హా అని నవ్వుతున్నా. నాలుగో రోజు ఇంటివాడు తలుపు పగలగొట్టించాడు. మొదటిరోజే జ్వరంతో పడిపోయాడట. మూడోరోజు దాకా ప్రాణముందన్నాడు డాక్టరు. సిగ్గుతో చచ్చిపోయాననుకో. ఆ మర్నాటినించీ ఇటే నడుస్తున్నా.

సరే, అది వదిలెయ్. నీ సంగతి చెప్పు. మొన్న రాలేదు, నిన్నా రాలేదు. రిజల్టా? రిజల్టు ఎవడడిగాడే పిచ్చిపిల్లా, రెండ్రోజులు ఎందుకు రాలేదని అడుగుతున్నా. ఏమన్నా తిన్నావా అసలు? అయ్యయ్యో, ఏడవకు, ఏడవకు... ఏవండీ జానకమ్మ గారూ! ఇలా రండి, మీ దగ్గర బెల్లం ముక్క ఉందా?