మొర్రిచెట్టుకు మళ్లీ దక్కిన మర్యాద

1991 ఆగస్టు 12న జైనూర్ ఉద్యాన కార్యాలయంలో క్షేత్ర సహాయకురాలిగా చేరిన శ్రీమతి రోజారాణి గారు ఈ మాసాంతమున పదవీ విరమణ చేయుచున్నారు. నస్పూర్‌లో బొగ్గుబాయి కార్మికుని బిడ్డగా జన్మించి, అడవి గూడేలనే కార్యక్షేత్రంగా ఎంచుకున్న ఆ సహృదయురాలిని గూర్చి రాయమంటే, ఆమె జీపు నడిపిన నాకు ఎంత సంబురమో!

ఆదిలాబాద్‌లో పలు బాధ్యతలు నిర్వహించి, 2017లో అధికారిణిగా వారు తిరిగి జైనూర్‌కు వచ్చేసరికి మొర్రిచెట్లు అంతరించే దశకు చేరినవి. పండితే తీపిపండు, గింజ పగులగొడితే మిఠాయిల్లో వేసే సారపప్పు. అయినా పక్కవాడు ముందే దులుపుకుంటాడేమోనన్న తొందరలో జనం పచ్చికాయలకే కొమ్మలు నరికేవారు. ముదరని గింజను అంగట్లో ఎవరూ కొనరు. మరుసటేడు కాయడానికి కొమ్మే ఉండదు.

“నేనొక్కదాన్ని ఆగితే ఏమైతది మేడం? నా వంతు గూడ పక్కింటోళ్లే దులుపుకపోతరు,” అన్నది గూడెం పెద్ద గంగుబాయి.

“మరి మీ అవ్వలు ఎట్ల ఆగిండ్రు?”

“తొలిపండు దేవునికి మొక్కకముందు ఎవ్వరు నోట్లె ఏసుకోకపోదురు.”

“గదే మల్ల పెడదాం పట్టు!” అన్నారు రోజారాణి గారు, కూర్చున్న చోటి నుండి లేచి.

మొక్కుకు ముందు తెంపినవారికి దండుగ వేయాలని పెద్దలు కట్టుబాటు చేయగా, ఆ వేసవి ఊరంతా ఆగింది. పండ్లు నల్లబడ్డవి. రేపు మొక్కు అనగా చెట్లు చూడబోయిన మేడం గారు, మాటల్లో పడి ఒక పండు తెంపి నోట్లో వేసుకున్నారు!

“అయ్యో, ఉమ్మెయ్యి మేడం!” గంగుబాయి కేకకు గూడెమంతా పోగైంది.

“మేడమే తిన్నది, ఇగ మనకేంది?” అని కొందరు గొడ్డళ్లకు పోయిండ్రు. ఒక్క పండుతో ఆగినదంతా ఆగమయ్యేటట్టున్నది.

అప్పుడామె చెప్పులు విడిచి పెద్దల ముందు నిలబడి, “తప్పు నాదే. అందరికున్న దండుగనే నాకు గూడ ఎయ్యిండ్రి,” అన్నారు. గూడెమంతటికీ బెల్లమన్నం స్వయంగా వండి పెట్టాలని తీర్పు.

“మాడబెట్టకు మేడం, ఆ దండుగ మాకెందుకు!” అన్నది గంగుబాయి. నవ్వులే నవ్వులు. అధికారికే మినహాయింపు లేని కట్టుబాటును, ఆ అన్నం తిన్నవారెవరూ మళ్లీ మీరలేదు.

నేడు ఆ పండ్లు మోదుగాకు దొప్పల్లో జైనూర్ అంగడికి, సారపప్పు ఆదిలాబాద్ మిఠాయి దుకాణాలకు పోతున్నవి. చుట్టుపక్కల గూడేలు సైతం మొక్కు దినం పెట్టుకున్నవి. పండి రాలిన గింజల నుండి, ఎవరూ నాటకుండానే, పిల్లచెట్లు లేస్తున్నవి! అవి పెరిగి, కాపుకొచ్చి, మా మనుమల చేతికందే దాకా రోజారాణి గారు కుటుంబంతో ఆయురారోగ్యాలతో వర్ధిల్లాలనీ, ఆ కాపులన్నీ కడుపార తినాలనీ మనసారా కోరుకుంటున్నాం.

— వెంకటి, జీపు డ్రైవర్