దాసు లేపిన కారు

చోడవరంలో నూకరత్నం టీకొట్టు దగ్గర మెకానిక్ దాసు నోరు తెరిచాడంటే చేతిలో టీ చల్లారిపోవాల్సిందే. ఆ వేళ బల్ల మీద ఉదయ్‌కుమార్ కారు తాళం ఉంది. కారు మాత్రం బస్టాండు దగ్గర వదిలేసి నడిచొచ్చాడు. తుంటి ఆపరేషనైన వాళ్ళమ్మని రేపు విశాఖ ఆసుపత్రి నుంచి ఇంటికి తేవాలి. కారేమో ముక్కు దించుకుని ఉంది, వెనక సీట్లో కూచున్నవాళ్ళు ముందుకి జారిపోతున్నారు. బాగుచేసేవాడు కావాలి. దాసు కన్నంతా ఆ తాళం మీదే.

"గాలి సస్పెన్షనేనా? దానికి స్ప్రింగులుండవు బాబూ, సక్రానికో గాలిబుడ్డి ఉంటాది. బుడ్డిలో ఎంత గాలుండాలో కంప్యూటర్ సూసుకుంటాది. కారు ఎంతెత్తులో నిలబడాలో దానికి మనం నేర్పాలి, అంతే. కె.కోటపాడు కాంట్రాక్టరుది ఇలాటి కారే, ఓ పక్కకి వేలెడు వాలిపోయింది. పెద్దపెద్దోళ్ళు సేతులెత్తేసేరు. నాను ఇదిగో, ఈ జానతో కొలిసేను. సరైపోయింది."

"జానతోనా?" అంది నూకరత్నం.

"మరేటనుకున్నావు? టేపు అబద్ధమాడతాది గానీ నా సెయ్యి ఆడదు. బోనెట్టు మీద నిండా టీగ్లాసు పెట్టేను, ఆ టీ సమానంగా నిలబడీ దాకా కారు లేపేను. ఆ తర్వాత ఏటైందో తెలుసా? గ్లాసు అలాగే ఉంచి, మాడుగుల మీంచి పాడేరు ఘాటీ ఎక్కించేసేను. మలుపు మలుపుకీ కోతులు తినడం మానేసి సూసేయి. సుక్క తొణికితే ఒట్టు!"

"గాలికి గ్లాసు ఎగిరిపోలేదేటి?"

"గాలెక్కడిది రత్నం? ఉన్న గాలంతా నా బుడ్లలోనే ఉంది కదా! అంతలో శారదా నది పొంగింది. ఇంకాస్త లేపు దాసూ అన్నాడు కాంట్రాక్టరు. లేపేను. ఇంకా అన్నాడు. ఇంకా లేపేను. గోవాడ ఫేక్టరీకి సెరుకు తోలుకెళ్తన్న ట్రాక్టర్లు వరసపెట్టి మా కారు కిందనుంచే పోయేయి. లోడు మీద కూకున్నోడి తలపాగా కూడా తగల్లేదు! కాంట్రాక్టరుని దింపడానికి కొబ్బరిసెట్లెక్కేవోణ్ణి పిలిపించేం. ఆ సంగతి పేపర్లో సూసి జర్మనీ నుంచి ఇంజనీర్లు దిగిపోయేరు. 'దాసుగారూ, మీ జాన ఓసారి ఇప్పించండి' అని ఒకటే బతిమాలడం. నా సేతి అచ్చు తీసుకెళ్ళి ఆళ్ళ గోడకి కట్టుకున్నారు."

"దణ్ణం గానీ పెట్టుకుంటన్నారా?"

"రోజూ! అగరొత్తులు మాత్రం నానే వద్దన్నాను."

ఇంతసేపూ ఊఁ కొడుతున్న ఉదయ్‌కుమార్ అప్పుడు నోరు విప్పాడు. "దాసు మావా, జానతో కొలిసినప్పుడు ఆ కారు ఏ పక్కకి తిప్పి పెట్టేవు?"

"అదేం ప్రశ్న? తూర్పుకి! తూర్పు ముఖం పెట్టనిదే నా షెడ్డులో స్పేనరు ముట్టుకోను. మా నాన్న నాటి పద్ధతి."

"మీ షెడ్డులో తూర్పంటే ఎగువ కదా?"

"ఎగువే మరి. నీళ్ళు నిలవకుండా గచ్చు వాలుగా నానే దగ్గరుండి పోయించేను."

ఉదయ్‌కుమార్ బల్ల మీది తాళం తీసి జేబులో వేసుకున్నాడు. "ఎగువలో కారు పెడితే ముక్కు పైకుంటాది. నువ్వు టీ సమానంగా ఉండాలని ఎనక భాగం ఎత్తేసేవు. ఇప్పుడది సదునైన రోడ్డెక్కితే ముక్కు నేలకి దిగిపోదేటి? ఆ కాంట్రాక్టరు కారు కొనుక్కున్నది నానే మావా. దీన్ని ఇలా సేసినోడెవడో సెప్పమంటే ఆయన నోరు మెదపలేదు. నువ్వు అడక్కుండానే సెప్పేవు. పొద్దున్న ఓ చిన్న బ్రేకేస్తే మా ఆవిడ వచ్చి నా సీటుకి గుద్దుకుంది. అదే మా అమ్మైతే?"

కొట్టంతా గొల్లుమంది. దాసు ఒక్క క్షణం తాళం ఉన్న జేబుకేసి చూశాడు. అయినా తగ్గితే దాసు ఎందుకవుతాడు? చల్లారిన టీ ఒక్క గుక్కలో తాగేసి, మూతి తుడుచుకున్నాడు.

"కారు తప్పు కాదు బాబూ. ఊళ్ళో రోడ్డే కిందకి దిగిపోయింది."

"అయితే రేపు మా అమ్మొచ్చీలోగా ఆ రోడ్డు లేపెయ్యి మావా," అని ఉదయ్‌కుమార్ బస్టాండు వైపు నడిచాడు.