కత్తి వదిలాను, బ్రష్షు వదలను

అధ్యక్షత వహిస్తున్న స్టేషన్ మాస్టరుగారికి (రిటైరై ఎంతకాలమైనా ఈయన్ని ఇంకో పేరుతో పిలవడం మనవల్ల కాదు), ఈ సభ ఏర్పాటు చేసిన సెలూన్ల సంఘం కార్యదర్శిగారికి, పెద్దలకు, ఇన్నేళ్లుగా నా ముందు తల వంచిన మిత్రులందరికీ నమస్కారం. (నవ్వులు) తప్పు మాటేమీ కాదు. ఈ ఊళ్లో నా ముందు తల వంచని మగాడు లేడని మా ఆవిడ దగ్గర ఎప్పుడూ గొప్పలు పోతుంటాను. "ఇంటికొచ్చాక ఎవరు వంచుతారో నాకు తెలుసులే" అంటుంది ఆవిడ.

కార్యదర్శిగారు నా గురించి చాలా గొప్పగా మాట్లాడారు. ఇంతటి మహానుభావుడు ఎవరబ్బా అని నేనూ అటూ ఇటూ చూశాను. పూలగుచ్ఛం ఇచ్చారు, సంతోషం. అందరూ కలిసి ఈ పడక కుర్చీ కూడా కొని తెచ్చారు. మీ అభిమానానికి చేతులెత్తి దండం పెడుతున్నాను. కానీ ఉన్నమాట చెప్పాలి. దీన్ని వేదిక ఎక్కించిన దగ్గర్నుంచి నా గుండె జారిపోతోంది. ఒకసారి ఇందులో కాళ్లు చాపుకుంటే ఇక నన్ను లేపేవాళ్లు ఉండరు.

ఇందాకటి నుంచి మాట్లాడినవాళ్లంతా వయసు అన్నారు, విశ్రాంతి అన్నారు, అసలు సంగతి దగ్గరికొచ్చేసరికి నీళ్లు నమిలారు. నేనే చెబుతాను. నా చేయి వణుకుతోంది. ఇదిగో, చూడండి. డాక్టరుగారు మందులిచ్చారు, తగ్గితే కొంత తగ్గుతుంది గానీ పూర్తిగా పోదన్నారు. మొన్నామధ్య ఈ మాస్టరుగారికే గడ్డం గీస్తుంటే చెవి కింద చేయి ఒక్కసారి అదిరింది. తెగలేదు. అయినా కత్తి మడిచి, "అమ్మా, మిగతాది నువ్వు చూడు" అని మా అమ్మాయిని పిలిచాను. అది వచ్చి పూర్తి చేసింది. మాస్టరుగారేమో కళ్లు మూసుకుని గురక పెట్టినట్టు నటించారు. అంత అధ్వాన్నంగా నటించే మనిషిని నేను చూడలేదండీ, కానీ ఆ నటనకు ఆయన్ని కౌగిలించుకోవాలనిపించింది. ఆ రోజు నుంచి కత్తి ముట్టలేదు. మనిషి మెడ దగ్గర మొహమాటాలు పనికిరావు. అందుకు బాధ ఉంది, చాలా ఉంది, అనుమానం మాత్రం లేదు.

అయితే కత్తి మానేస్తే షాపు మానేసినట్టేనా? మా ఇంట్లో అలాగే తేల్చేశారు. "చేయి వణుకుతుంటే వచ్చినవాళ్లందరూ జాలిగా చూస్తారు నాన్నా, అది నేను చూడలేను. హాయిగా ఇంట్లో ఉండు" అంది మా అమ్మాయి. మరి గడ్డాలకు సబ్బు నురగ ఎవరు పడతారే అంటే, "డబ్బాలు తెప్పించాను, నొక్కితే వచ్చేస్తుంది" అంది. అదిగో ముందు వరసలో అల్లుడుగారి పక్కన తల దించుకుని కూర్చుంది. దాని తప్పేమీ లేదు. అటు గీయడం, ఇటు నురగ పట్టడం ఒక్క మనిషి వల్ల అయ్యే పని కాదు. కత్తి పట్టడంలో మా అమ్మాయి నాకంటే మెరుగు, ఈ మాట షాపులో ఎన్నడూ అనలేదు, ఇక్కడ అందరి ముందూ అంటున్నాను. కానీ ఇంట్లో నేనేం చెప్పబోయినా లేచి వంటింట్లోకి వెళ్లిపోతోంది. అందుకని అది లేచి వెళ్లలేని చోట చెబుదామని ఈ సభకు ఒప్పుకున్నాను. (నవ్వులు)

నాకు పని నేర్పింది మా మామ. ఆయన నాకు పిల్లను ముందిచ్చాడు, కత్తి చాలాకాలం తర్వాత ఇచ్చాడంటే ఆలోచించుకోండి. అప్పటిదాకా నా చేతిలో బ్రష్షే. నురగ బాగా పడితే వెంట్రుక మెత్తబడుతుంది, కత్తి జారుతుంది, లేదంటే ఎంత మంచి కత్తయినా పీకుతుంది. మన టైలరుగారు ఉన్నారా? ఆ, వెనకాల నవ్వుతున్నారు. ఈయన ఇంట్లో గీసుకుని మొహమంతా ఎర్రగా చేసుకుని వచ్చేవారు, బ్లేళ్లు మార్చి మార్చి విసిగిపోయారు. ఏదీ, నురగ ఎలా పడతారో చూపించండి అన్నాను. బ్రష్షును చెంపకేసి అదిమిపెట్టి, పై నుంచి కిందికి బరబరా లాగుతున్నారు. అయ్యా, అది ఇస్త్రీపెట్టె కాదు, మీ మొహం ప్యాంటూ కాదు అని చెప్పాల్సి వచ్చింది!

చెప్పడమెందుకు, చేసి చూపిస్తాను. ఈ ఫ్లాస్కులో టీ ఉందని ఆశ పడ్డవాళ్లు క్షమించాలి, ఉన్నవి వేడినీళ్లు. ఈ సభ కోసం ఇవాళ షాపు మూసినందువల్ల మాస్టరుగారు మాసిన గడ్డంతో అధ్యక్షత వహించారని మీరు అనుకుంటున్నారు. అది నిన్ననే మేమిద్దరం వేసుకున్న పథకం. (నవ్వులు, చప్పట్లు)

ఇదిగో, బ్రష్షు కాసేపు నాననిచ్చాను. ఇప్పుడు నీళ్లు విదిలించాలి, మరీ పొడిగా కాకుండా. సబ్బు బిళ్ల మీద తేలిగ్గా తిప్పాలి. చూడండి, బుడగలు వచ్చాయి. చాలామంది ఇక్కడే మోసపోయి మొహానికి పూసేస్తారు. ఇది నురగ కాదు, బట్టలు ఉతికిన నీళ్ల మీద కూడా ఇదే వస్తుంది. ఇంకా తిప్పాలి. బుడగలు పోయి ముద్దలా కావాలి. ఇప్పుడు చెంప మీదికి. గుండ్రంగా, వెంట్రుకల మొదళ్లలోకి వెళ్లేలా. గట్టిపడుతోంది కదా అని ఇంకాస్త సబ్బు తీసుకుంటారు, అది పొరపాటు. అది అడుగుతున్నది నీళ్లు. బ్రష్షు కొస తడిపి, ఇలా, కొంచెం కొంచెంగా.

అయ్యో, చొక్కా మీద పడింది. మన్నించండి మాస్టరుగారూ. అవును, వణుకుతోంది, అందరూ చూస్తున్నారు, చూడనివ్వండి. అమ్మా, నువ్వు కూర్చో. ఇంకా అవ్వలేదు.

అదిగో వచ్చింది. దగ్గరున్నవాళ్లు చూడండి, మీద తడి మెరుపు, లోపల ఒక్క బుడగ లేదు, గరిటెతో తీసిన మీగడలా నిలబడింది. ఈ నురగలో ఎక్కడైనా నా చేతి వణుకు కనిపిస్తోందా? మాస్టరుగారూ, మీరే చెప్పండి. నోట్లోకి పోతుందని మాట్లాడటం లేదు, తల మాత్రం ఊపుతున్నారు. (నవ్వులు)

అమ్మా, ఇప్పుడు నీతోనే మాట్లాడుతున్నాను. జాలి పడేవాళ్లు పడనీ, నాకు జాలంటే భయం లేదు. పొద్దున్నే లేచి, ఎవరి మొహం మీదా చేయి వేయకుండా పొద్దు గూకేదాకా గోడలు చూస్తూ గడపాలంటే మాత్రం నాకు చచ్చేంత భయం. నేను బతికున్నన్నాళ్లూ ఈ బ్రష్షు తిప్పుతాను. నేను నురగ పడతాను, నువ్వు గీయి. షాపు నీది, యజమానివి నువ్వు. నువ్వు కాదంటే ఈ పనికి ఇంకో షాపు వెతుక్కుంటాను గానీ కుర్చీలో మాత్రం కూర్చోను. నీ కత్తి కూడా ఈ సంచిలోనే తెచ్చాను. వద్దంటే ఆ మాట ఇక్కడే, అందరూ వింటుండగా చెప్పు.

(ముందు వరసలోంచి వక్త కూతురు లేచి వేదిక మీదికి వచ్చింది. చేతులు కడుక్కుని, సంచిలోంచి కత్తి తీసి, అధ్యక్షుల గడ్డం పట్టుకుని వెలుతురు వైపు తిప్పింది.)

"పక్కకి జరుగు నాన్నా, నువ్వు ఉపన్యాసం ఇస్తుంటే ఇక్కడ నురగ ఆరిపోతోంది. ఆ చెంపకి ఇంకొంచెం నీళ్లు కావాలి, చూసుకోలేదా? త్వరగా పట్టు."

విన్నారుగా. ఇంకా చాలా చెబుదామనుకున్నాను. అధ్యక్షులు ఎలాగూ కదలలేరు కాబట్టి వారి అనుమతి అడగడం లేదు. ఓపిగ్గా విన్నందుకు, ఇన్నేళ్లూ మీ మొహాలు నాకు అప్పగించినందుకు పేరు పేరునా కృతజ్ఞతలు. మా యజమానురాలు పనికి పిలుస్తోంది. సెలవు.